ఎగువ దేశం డ్యాం కడితే దిగువ దేశం ఏమని వాదించాలి? పాలారును ఉదాహరణగా చూపొచ్చా?

తిరుపతి లా స్టూడెంట్:
అందరికీ నమస్కారం. మా మూట్ కోర్టుకు (లా విద్యార్థులు కల్పిత కేసు వాదించే పోటీ) ఇచ్చిన సమస్య ఇది. రెండు దేశాల గుండా పారే నది. ఎగువ దేశం చెప్పాపెట్టకుండా డ్యాం పనులు మొదలుపెట్టింది. దిగువ దేశం తరఫున నేను వాదించాలి. రెండు దేశాలూ 1997 ఐక్యరాజ్యసమితి జలమార్గాల ఒప్పందంలో చేరినవే, వేరే ఒప్పందమేదీ లేదు. ఆర్టికల్ 5 న్యాయంగా, సహేతుకంగా వాడుకోమంటుంది, ఆర్టికల్ 7 చెప్పుకోదగ్గ నష్టం చేయొద్దంటుంది. దేనిమీద బరువు పెట్టాలి? కుప్పం దగ్గర పాలారు మీద తమిళనాడుతో నడుస్తున్న గొడవను ఉదాహరణగా చూపొచ్చా?

కాలువగట్టు:
ఈ కేసు తీసుకున్నవాళ్లు చాలామంది ఆర్టికల్ 7 పట్టుకుని వేలాడతారు. "మాకు నష్టం, కాబట్టి డ్యాం ఆపండి" అంటే బెంచి ఒప్పుకోదు. 7 అడిగేది నష్టం జరగకుండా తగిన చర్యలన్నీ తీసుకోమని మాత్రమే. అన్నీ తీసుకున్నా నష్టం జరిగితే, 5, 6 ఆర్టికల్స్‌ను (ఏది న్యాయమైన వాడకమో తేల్చడానికి చూడాల్సిన అంశాలు 6లో ఉంటాయి) దృష్టిలో పెట్టుకుని సంప్రదింపులు జరపాలి, నష్టం తగ్గించాలి, అవసరమైతే పరిహారం గురించి మాట్లాడుకోవాలి. డ్యాం ఆగాలని అందులో ఎక్కడా లేదు.

మీ అసలు బలం 11 నుంచి 19 దాకా ఉన్న ఆర్టికల్స్‌లో ఉంది. పని మొదలుపెట్టకముందే ఎగువ దేశం సాంకేతిక వివరాలతో, పర్యావరణ ప్రభావ అంచనా చేసి ఉంటే దాని ఫలితాలతో సహా నోటీసు ఇవ్వాలి. జవాబుకు ఆరు నెలల గడువు. దిగువ దేశం ప్రత్యేక ఇబ్బంది చూపి అడిగితే మరో ఆరు నెలలు. ఆలోగా దాని ఒప్పుదల లేకుండా పని ముట్టుకోకూడదు.

నోటీసే రాలేదన్నారు కాబట్టి మీరు ఆర్టికల్ 18 కింద రావాలి. ప్రాజెక్టు వస్తోందని నమ్మడానికి కారణాలను కాగితాలతో సహా చూపి నోటీసు అడగాలి. ఎగువ దేశం "అవసరం లేదు" అంటే అదీ కారణాలు రాసివ్వాలి. ఆ కారణాలతో మీరు తృప్తి పడకపోతే చర్చలు కోరవచ్చు. చర్చలు కోరిన సమయంలోనే పని ఆపమని కూడా అడిగితే ఆరు నెలలు ఆపాలి. చర్చలకు పిలిచి ఈ ఒక్క వాక్యం మరిచిపోతే ఆ ఆరు నెలలు పోయినట్టే. మీ సమస్యలో దిగువ దేశం రాసిన ఉత్తరం జతచేసి ఉంటే, ముందు అందులో ఈ మాట ఉందో లేదో వెతకండి.

నీటిలెక్కలు:
కాలువగట్టు గారు చెప్పింది సరే గానీ, ప్రొసీజర్ తప్పిందని గెలిచినంత మాత్రాన డ్యాం కూలుతుందనుకోవద్దు. ఉరుగ్వే నది మీద కాగితం గుజ్జు మిల్లులపై అర్జెంటీనా వేసిన కేసులో 2010లో అంతర్జాతీయ న్యాయస్థానం ఉరుగ్వే ముందస్తు సమాచార బాధ్యత తప్పిందని తేల్చింది. కాలుష్య బాధ్యత తప్పినట్టు మాత్రం రుజువు కాలేదంది, మిల్లు తీసేయమనలేదు. తప్పు జరిగిందని ప్రకటించడమే అర్జెంటీనాకు దక్కిన ఊరట. సరిహద్దు దాటి గట్టి ప్రభావం పడే ప్రమాదం ఉన్న పనికి పర్యావరణ అంచనా చేయడం సాధారణ అంతర్జాతీయ న్యాయంలోనే బాధ్యత అని కూడా ఆ తీర్పే చెప్పింది, ఆ ముక్క మీకు పనికొస్తుంది. ఎదుటివాళ్లు ఫ్రాన్స్, స్పెయిన్ మధ్య 1957లో మధ్యవర్తులిచ్చిన లానూ సరస్సు తీర్పు తెస్తారు. మళ్లించిన నీటికి సమానమైన నీటిని ఫ్రాన్స్ తిరిగి నదిలో వదులుతానంది, అందుకు స్పెయిన్ ముందస్తు అనుమతి అక్కర్లేదన్నారు. చిత్తశుద్ధితో చర్చించే బాధ్యత ఉందని కూడా అదే తీర్పు చెప్పిందని మీరు గుర్తు చేయండి.

తిరుపతి లా స్టూడెంట్:
చాలా థ్యాంక్స్ సార్. నష్టాన్ని అంకెల్లో ఎలా చూపాలి? మా సమస్యలో ఏడాది ప్రవాహం ఒక్కటే ఇచ్చారు.

నీటిలెక్కలు:
ఏడాది మొత్తం చూపితే మీరే ఓడిపోతారు. వానాకాలం వరద కలిసిపోయి వేసవి కరువు కనబడదు. నెలవారీ, కుదిరితే పదిరోజుల ప్రవాహం కావాలి. ఇవ్వకపోతే, ఆర్టికల్ 9 కింద ఎగువ దేశం దగ్గరున్న లెక్కలు పంచుకోవాల్సిందేనని పట్టుబట్టండి.

1996 డిసెంబర్ 12న 30 ఏళ్లకు కుదిరిన భారత్–బంగ్లాదేశ్ గంగా ఒప్పందం చూడండి. జనవరి 1 నుంచి మే 31 దాకా మన వైపు గంగ మీదున్న ఫరక్కా బ్యారేజీ దగ్గర నీటిని పదేసి రోజుల లెక్కన పంచారు. 70,000 క్యూసెక్కుల దాకా చెరిసగం. 70,000–75,000 మధ్య బంగ్లాదేశ్‌కు 35,000, మిగతాది మనకు. ఆపైన మనకు 40,000, మిగతాది వాళ్లకు. అంటే 68,000 వస్తే చెరి 34,000, 73,000 వస్తే వాళ్లకు 35,000, మనకు 38,000. 50,000 కంటే పడిపోతే వెంటనే కూర్చుని మాట్లాడుకోవాలి.

ఎక్కడ కొలుస్తారన్నది ఇంకా ముఖ్యం. అక్కడ ఫరక్కాలోనూ, బంగ్లాదేశ్‌లోని హార్డింజ్ వంతెన దగ్గరా ఉమ్మడి బృందాలు రోజూ కొలుస్తాయి. మన తెలుగుగంగ నీళ్లను కండలేరు నుంచి వదిలినచోట కొలిస్తే ఒక అంకె, ఊత్తుకోట దగ్గర నీళ్లు తమిళనాడులోకి ప్రవేశించే జీరో పాయింట్‌లో కొలిస్తే ఇంకో అంకె. కాలువ పొడవునా ఇంకేది, ఆవిరయ్యేది, తోడుకునేది ఉంటుంది కదా. మీ వాదనలో కొలత స్థలం రాయకపోతే ఎదుటివాళ్లు దానిమీదే పడతారు. యూనిట్లు కూడా ఒకటే వాడండి. రోజంతా 11,574 క్యూసెక్కులు పారితే ఒక టీఎంసీ, ఒక క్యూమెక్ (సెకనుకు ఒక ఘనపు మీటరు) అంటే 35.3 క్యూసెక్కులు.

పాలారు తీరం:
పాలారు ప్రశ్న మిగిలింది. 1997 ఒప్పందం దేశాలకే. పైగా మన దేశం అందులో లేదు. నాటి ఓటింగులో 103 దేశాలు సరేనన్నాయి, చైనా, టర్కీ, బురుండి వద్దన్నాయి, భారత్ తటస్థంగా ఉంది. రాష్ట్రాల గొడవకు రాజ్యాంగం 262వ ఆర్టికల్, 1956 అంతర్రాష్ట్ర నదీ జలవివాదాల చట్టం ఉన్నాయి. పాలారు మీద కుప్పం దగ్గర చెక్‌డ్యాం విషయంలో తమిళనాడు 2006లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. దాని ఆధారం 1892 మద్రాసు–మైసూరు ఒప్పందం. ఎగువన కొత్త జలాశయానికి దిగువ ముందస్తు అంగీకారం కావాలనేది అందులో షరతు. లానూ తీర్పు దేశాలకు అక్కర్లేదన్న అంగీకారమే అది, ఒప్పందం రాసుకున్నారు కాబట్టే ఇక్కడ ఆ ప్రశ్న వచ్చింది. కాబట్టి పాలారు చూపితే మీ కేసు బలహీనపడుతుంది, "మీ దగ్గర అలాంటి ఒప్పందమేది?" అని అడుగుతారు.

మన దగ్గరి ఉదాహరణే కావాలంటే 2018 ఫిబ్రవరి 16 నాటి సుప్రీంకోర్టు కావేరి తీర్పు చదవండి. ఉమ్మడి నదుల వాడకం గురించి దేశాల కోసం రాసిన 1966 హెల్సింకి నియమాలను రాష్ట్రాల పంపకంలో కోర్టు ఎలా వాడుకుందో అందులో దొరుకుతుంది.