అమెరికా లా స్కూల్ ఫెలోషిప్‌కి అక్కడే ఉండి తీరాలన్న షరతు న్యాయమేనా?

గోదారిగట్టు
న్యూయార్క్ యూనివర్సిటీ వారి హౌసర్ గ్లోబల్ ఫెలోస్ లాంటి ప్రోగ్రాములు న్యాయశాస్త్ర పరిశోధకుల్ని ఒక సెమిస్టరో, ఒక విద్యా సంవత్సరమో క్యాంపస్‌లోనే ఉండి సొంత పరిశోధన చేసుకోమంటాయి. ఈ షరతుకి కాలం చెల్లిందని నా వాదన. లా రివ్యూల (న్యాయ పరిశోధన పత్రికల) పాత సంపుటాలు దాదాపు అన్నీ హైన్‌ఆన్‌లైన్ అనే డేటాబేస్‌లో దొరుకుతున్నాయి. మన సుప్రీంకోర్టు తీర్పులు 2023 నుంచి ఈ-ఎస్‌సీఆర్ అనే కోర్టు సొంత ఆన్‌లైన్ సంకలనంలో ఉచితం. సెమినార్లు జూమ్‌లో పెట్టుకోవచ్చు. పిల్లల చదువు, పెద్దవాళ్ల ఆరోగ్యం, ఉద్యోగంలో సెలవు, వీటన్నిటినీ దాటుకుని వెళ్లగలిగిన వాళ్లకే ఫెలోషిప్ దక్కుతుంటే అది ప్రతిభకి పెట్టిన పరీక్ష ఎలా అవుతుంది? కనీసం సగం కాలమైనా ఇంటి నుంచి పనిచేసుకోనివ్వచ్చు కదా.

పాతదస్త్రం
మీరు చెప్పినవన్నీ అచ్చయిపోయినవండీ. అచ్చయినవాటి కోసం ఎవరూ సముద్రం దాటనక్కర్లేదు. వెళ్లేది ఇంకా అచ్చుకాని దాని కోసం. అమెరికా లా స్కూళ్లలో ఫ్యాకల్టీ వర్క్‌షాప్ నడిచే తీరు వేరు. డ్రాఫ్ట్ వారం ముందే అందరికీ పంపిస్తారు, అందరూ చదివి వస్తారన్నదే లెక్క. రచయిత పదీ పదిహేను నిమిషాలకి మించి మాట్లాడరు, కొన్నిచోట్ల అసలు మాట్లాడరు. మిగతా గంటా ప్రశ్నలే. వాదనలో ఏ మెట్టు ఊగుతోందో ఆ గంటలో తెలిసిపోతుంది. ఆ ప్రశ్న వేసిన వ్యక్తి మర్నాడు కారిడార్‌లో కనిపించి, ఫలానా కేసు చూశావా అని అడగడం జూమ్‌లో జరగదు. కాల్ ముగిస్తే సంభాషణ అక్కడితో సరి.

దూరం నుంచి చేసే పనికి ఇంకో బలహీనత కూడా ఉంది. 2023 అక్టోబరులో బ్రిటిష్ లైబ్రరీ మీద సైబర్ దాడి జరిగితే ఆన్‌లైన్ కేటలాగ్ మళ్లీ తెరుచుకునేసరికి 2024 జనవరి వచ్చింది. వలస పాలన నాటి న్యాయ చరిత్ర మీద పనిచేసేవాళ్లకి ఆ లైబ్రరీలోని దస్త్రాలే ఆధారం. అన్నీ స్క్రీన్ మీదే దొరుకుతాయన్న ధీమా మీద ప్రాజెక్టు కట్టకూడదు.

నిబంధన
సగం కాలం ఇంటి నుంచి అన్న ఆలోచనకి లా స్కూల్ ఒప్పుకున్నా వీసా ఒప్పుకోదు. ఈ ఫెలోలు సాధారణంగా జే-1 (ఎక్స్ఛేంజ్ విజిటర్) వీసా మీద వెళ్తారు. దానికోసం యూనివర్సిటీ ఇచ్చే డీఎస్-2019 పత్రంలో రాసిన చోట, రాసిన తేదీల్లో ఆ పని చేస్తూ ఉండాలి. ప్రోగ్రాం మొదలయ్యే తేదీ నుంచి 30 రోజుల్లోగా మీరు చేరినట్టు యూనివర్సిటీ సెవిస్‌లో (అమెరికా ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డు వ్యవస్థలో) నమోదు చేయాలి. అది జరగకపోతే రికార్డు చెల్లకుండా పోతుంది.

మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది కేటగిరీ దగ్గర. పరిశోధకులకి రెండు దారులున్నాయి: రీసెర్చ్ స్కాలర్, షార్ట్-టర్మ్ స్కాలర్. మొదటిదానికి గరిష్ఠంగా అయిదేళ్లు, రెండోదానికి ఆరు నెలలు, పొడిగింపు లేదు. అయిదేళ్లు వినగానే మొదటిదే మేలనిపిస్తుంది. అయితే రీసెర్చ్ స్కాలర్‌గా అయిదు నెలలు ఉండి ప్రోగ్రాం ముగించుకొస్తే, ఆ తర్వాత 24 నెలలపాటు అదే కేటగిరీలోగానీ ప్రొఫెసర్ కేటగిరీలోగానీ మళ్లీ వెళ్లలేరు. షార్ట్-టర్మ్ స్కాలర్‌కి ఆ 24 నెలల అడ్డు లేదు. ఒక్క సెమిస్టర్ ఫెలోషిప్ అయితే డీఎస్-2019 తయారుకాకముందే యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకి రాసి, షార్ట్-టర్మ్ కింద ఇమ్మని అడగండి. అడగకపోతే చాలాచోట్ల అలవాటుగా రీసెర్చ్ స్కాలర్ అనే వేసేస్తారు. వచ్చే ఏడాది వేరే లా స్కూల్ నుంచి ఏడాది ఫెలోషిప్ వచ్చినప్పుడు గానీ ఆ నష్టం కనిపించదు.

హనుమకొండ
తిరిగొచ్చాక రెండేళ్లు సొంత దేశంలోనే ఉండాలన్న నిబంధన సంగతి? దాని భయంతోనే చాలామంది దరఖాస్తు పెట్టడం లేదు.

నిబంధన
అది అమెరికా వలస చట్టంలోని 212(ఇ) సెక్షన్. రెండేళ్లు గడిచేవరకు హెచ్-1బీ, ఎల్ (కంపెనీ బదిలీ) వీసాలు, గ్రీన్‌కార్డు రావు. అందరికీ వర్తించదు. ప్రభుత్వ డబ్బుతో వెళ్లినవాళ్లకి వర్తిస్తుంది, కాబట్టి ఫుల్‌బ్రైట్-నెహ్రూ ఫెలోలకి తప్పదు. ఇదివరకు నైపుణ్యాల జాబితా (ఏ దేశానికి ఏ రంగాల నిపుణులు అవసరమో అమెరికా వేసిన పట్టిక) వల్ల కూడా చాలామంది భారతీయులకి పడేది. 2024 డిసెంబరులో ఆ జాబితా సవరించి భారత్‌ను తీసేశారు. ఇప్పుడు లా స్కూల్ సొంత నిధులతో వెళ్లేవాళ్లకి మామూలుగా ఈ బాధ లేదు. వీసా స్టాంపు మీద, డీఎస్-2019 మీద ఏం రాశారో మాత్రం చూసుకోండి.

సుమ_లా
గోదారిగట్టు గారూ, షరతు సరైనదా కాదా అన్నది అక్కడికి వెళ్లి ఏం చేస్తామన్నదాని మీద ఆధారపడుతుంది. అమెరికా లా రివ్యూల క్యాలెండర్ చూడండి. వాటిని నడిపేది విద్యార్థులు. కొత్త సంపాదకవర్గం పగ్గాలు అందుకునేది వసంతం మొదట్లో, అందుకే వ్యాసాలు ఎక్కువగా తీసుకునేది ఫిబ్రవరి, మార్చి నెలల్లో. ఆగస్టులో ఇంకో చిన్న విడత ఉంటుంది. స్కొలాస్టికా అనే ఆన్‌లైన్ వేదిక ద్వారా ఒకేసారి పదుల పత్రికలకి పంపవచ్చు. ఒకచోట అంగీకారం వస్తే, దాన్ని చూపించి పై స్థాయి పత్రికల్ని త్వరగా తేల్చమని అడగవచ్చు. మన దగ్గర ఒక పత్రికకి పంపి దాని జవాబు వచ్చేదాకా ఆగుతాం, అక్కడ పద్ధతి వేరు.

ఇప్పుడు వెనక్కి లెక్కేయండి. ఆగస్టు చివర్లో చేరతారు. అక్టోబరులో డ్రాఫ్ట్ పంచితే నవంబరులో వర్క్‌షాప్ పడుతుంది. డిసెంబరు మధ్య నుంచి జనవరి మధ్య దాకా క్యాంపస్ ఖాళీ, తిరగరాయడానికి అదే సమయం. ఫిబ్రవరిలో పంపుతారు. జనవరిలో చేరేవాళ్లకి ఈ వరస కుదరదు. వాళ్ల డ్రాఫ్ట్ మీద ప్రశ్నలొచ్చేసరికి పెద్ద విడత ముగింపుకొస్తుంది. ఒక్క సెమిస్టరే దొరికితే ఫాల్ (ఆగస్టులో మొదలయ్యేది) అడగండి. వర్క్‌షాప్ జాబితా వేసవిలోనే నిండిపోతుంది, కాబట్టి నిర్వాహకులకి జూన్, జులైలోనే రాయాలి.

ఫెలోషిప్ వృథా అయ్యే తీరు సాధారణంగా ఒకటే: ప్రతిపాదనతో వెళ్తారు, డ్రాఫ్ట్‌తో వెళ్లరు. మొదటి నెల బ్యాంకు ఖాతా, ఇల్లు, ఐడీ కార్డులకే పోతుంది. తర్వాత చదవడం మొదలుపెడతారు. డిసెంబరు వస్తుంది. చదవడానికైతే ఇంట్లో కూర్చున్నా సరిపోయేది, అక్కడ మీ వాదనే నిజమవుతుంది. 15 వేల పదాల ముతక డ్రాఫ్ట్ చేతిలో పెట్టుకుని విమానం ఎక్కినవాళ్లకి మాత్రం అక్కడుండటం వల్ల వచ్చేది దూరం నుంచి రాదు. హార్వర్డ్ లా రివ్యూ ఫుట్‌నోట్లతో కలిపి 25,000 పదాల లోపు వ్యాసాలనే ఇష్టపడుతుంది, ఆ కొలత మొదటినుంచీ గుర్తుంచుకోండి.

గోదారిగట్టు
వర్క్‌షాప్ విలువని నేను కాదనడం లేదు సుమ గారూ. దానికి కట్టే మూల్యం ఎవరి మీద పడుతోందన్నది నా ప్రశ్న. మాన్‌హటన్‌లో అద్దెకి ఇల్లు కావాలంటే నెల అద్దెకి 40 రెట్ల వార్షికాదాయం చూపమనడం అక్కడి ఇంటి యజమానుల ఆనవాయితీ. నెలకి 3,000 డాలర్ల గదికి ఏడాదికి లక్షా 20 వేలు. ఏ ఫెలో చూపించగలరు? పోనీ ఆరు నెలల అద్దె ముందే కట్టేద్దామన్నా, 2019 నుంచి న్యూయార్క్ చట్టం డిపాజిట్‌ని, ముందస్తు అద్దెని ఒక్క నెలకి పరిమితం చేసింది. అద్దెదారుని కాపాడటానికి తెచ్చిన చట్టం, క్రెడిట్ హిస్టరీ (అక్కడ అప్పులు తీర్చిన రికార్డు) లేని విదేశీయుడికి ఉన్న ఒక్క దారినీ మూసింది. యూనివర్సిటీ ఇల్లు ఇవ్వకుండా ఇక్కడే ఉండు అంటే అది అన్యాయమే. పైగా విజిటింగ్ స్కాలర్ పేరుతో పిలిచి, స్టైపెండ్ లేకపోగా ఎదురు రుసుము తీసుకునే లా స్కూళ్లు కూడా ఉన్నాయి.

పాతదస్త్రం
ఇల్లు విషయంలో మీతో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను. స్టైపెండ్ ఎంత అని అడిగేముందు ఇల్లు ఇస్తారా అని అడగాలి.

నిబంధన
డబ్బు మాట వచ్చింది కాబట్టి రెండు విషయాలు. బీమా తప్పనిసరి: ఒక్కో జబ్బుకి లేదా ప్రమాదానికి లక్ష డాలర్లు, వైద్యం కోసం తరలింపుకి 50 వేలు, మరణిస్తే భౌతికకాయం తరలింపుకి 25 వేలు, మన చేతినుంచి పెట్టుకునే మొత్తం ఒక్కో సంఘటనకి 500 డాలర్లు మించకూడదు. వెంట వచ్చే జే-2 కుటుంబ సభ్యులకీ ఇదే. చవక ట్రావెల్ పాలసీలు ఈ కొలతల్లో ఏదో ఒకదాని దగ్గర తప్పుతాయి.

రెండోది పన్ను. సేవకి ప్రతిఫలం కాని స్టైపెండ్ అయితే జే వీసా వారికి 14 శాతం ముందే కోస్తారు. జీతంగా ఇస్తే భారత్-అమెరికా పన్ను ఒప్పందం 22వ అధికరణం కింద, రెండేళ్లు మించని పరిశోధన పర్యటనకి, అమెరికా పన్ను నుంచి మినహాయింపు ఉంటుంది. దానికి మినహాయింపు కోరే ఫారం 8233 మొదటి చెల్లింపుకి ముందే ఇవ్వాలి. ఆ డబ్బు మీద పన్ను వేసే హక్కు అప్పుడు భారత్‌ది. ఆఫర్ లేఖలో స్టైపెండ్ అనుందో జీతం అనుందో చూడకుండా సంతకం పెట్టొద్దు.

హనుమకొండ
సెలవు గురించి ఎవరూ మాట్లాడలేదు. యూజీసీ 2018 నిబంధనల్లో సబాటికల్ (పరిశోధన కోసం ఇచ్చే దీర్ఘ సెలవు) దొరికేది అసోసియేట్ ప్రొఫెసర్‌గానో ప్రొఫెసర్‌గానో ఏడేళ్లు నిండినవాళ్లకే, అదీ ఒక్కసారికి ఏడాది మించకుండా. అసిస్టెంట్ ప్రొఫెసర్ స్టడీ లీవ్ పెట్టుకోవాలి, తిరిగొచ్చి కనీసం మూడేళ్లు పనిచేస్తానని బాండ్ రాయాలి. వచ్చే ఫెలోషిప్ మొత్తాన్ని జీతం నిర్ణయించేటప్పుడు లెక్కలోకి తీసుకుంటారు. మన రాష్ట్రాల్లో లా కాలేజీల్ని మోస్తున్న కాంట్రాక్టు, గెస్ట్ అధ్యాపకులకి ఇవేవీ లేవు. వాళ్లు ఒక సెమిస్టర్ వెళ్తే తిరిగొచ్చేసరికి ఆ చోట్లో ఇంకొకరు ఉంటారు. వాళ్లకి తలుపు మూస్తున్నది అమెరికా షరతా, మన నియామక విధానమా?

గోదారిగట్టు
రెండూ. కానీ రెండోదాన్ని మనం మార్చుకోగలం. అక్కడే ఉండి చేసే పరిశోధన అంత విలువైనదైతే, హైదరాబాద్ లా వర్సిటీ నల్సార్‌లోనో విశాఖ దామోదరం సంజీవయ్య లా వర్సిటీలోనో కాంట్రాక్టు అధ్యాపకుల కోసం ఒక సెమిస్టర్ ఫెలోషిప్ పెట్టొచ్చు. రెండింటికీ సొంత క్యాంపస్‌లున్నాయి.

పాతదస్త్రం
పెట్టొచ్చు. సిమ్లాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీ రాష్ట్రపతి నివాస్‌లో దశాబ్దాలుగా ఫెలోల్ని అక్కడే ఉంచి రాయిస్తోంది, కాబట్టి మన దేశానికి ఇది కొత్త కాదు. కాకపోతే గది, లైబ్రరీ కార్డు ఇచ్చి వదిలేస్తే అది హాస్టల్ అవుతుంది. వారానికొక డ్రాఫ్ట్, ముందే చదివి వచ్చే పదిమంది, ఆ గంటకి క్లాసులు పెట్టని టైంటేబుల్ కావాలి. డబ్బుకన్నా ఆ టైంటేబుల్ సంపాదించడమే కష్టం.

సుమ_లా
టైంటేబుల్ బుధవారం మధ్యాహ్నం ఖాళీ చేయించగలిగితే చాలు. హనుమకొండ గారూ, సెమిస్టర్ తర్వాత కాంట్రాక్టు కొనసాగిస్తామన్న లేఖ సొంత కాలేజీ నుంచి తీసుకోవాలని దరఖాస్తులోనే ఒక నిబంధన పెడితే పనిచేస్తుందా?

హనుమకొండ
ప్రిన్సిపాల్ లేఖ చెల్లదండీ. రిజిస్ట్రార్ సంతకంతో, పోస్టు నంబరు వేసి ఇవ్వాలి. ఆ వాక్యం ఎలా ఉండాలో రేపు రాసి ఇక్కడే పెడతాను.