అప్‌డేట్: ఒడిశాలోని గుణుపురం దగ్గర వంశధార ఒడ్డు పునరుద్ధరణ ప్రణాళిక

కోతకు గురవుతున్న వంశధార ఒడ్డును ఎవరితో కలిసి బాగుచేయాలని ఇంతకుముందు అడిగాను. మీరు సూచించినట్లే ముందు గ్రామసభకు వెళ్లాం. జాలరులు, కొండవాలులో పోడు చేసుకునే సవర కుటుంబాలు, ఒడ్డున కూరగాయలు పండించే తెలుగు రైతులు ఒకచోట కూర్చున్నాక మా నక్షా సగానికి పైగా మారిపోయింది. నీలగిరి మొక్కలను వారు ససేమిరా వద్దన్నారు. నీటి అంచున ఏరుమద్ది, దానిపైన కానుగ, విరిగిపడుతున్న వాలుకు వేళ్లు నిలువుగా 3 మీటర్ల వరకు దిగే వట్టివేరు వేయాలని, పశువులు నీళ్లకు దిగే రేవును మాత్రం కంచె వేయకుండా వదలాలని నిర్ణయించాం. ఈ చివరి షరతు మాకు తట్టనే లేదు. ఇసుక తవ్వకం సంగతి ఇంకా తేలలేదు. ఒడ్డు అడుగున ఇసుక తవ్వుతుంటే పైన ఎన్ని మొక్కలు నాటినా ఒడ్డు నిలవదు కనుక, తవ్వకం ఎక్కడిదాకా అన్న హద్దు రాతపూర్వకంగా ఖరారయ్యాకే నాట్లు మొదలుపెడతాం.