గాలి ఉన్నా లేకున్నా ఎఫ్ఎన్ఆర్ ప్రోటీన్ అంతే ఉన్నప్పుడు, ఆక్సిజన్ లేదని జీన్‌కి ఎలా తెలుస్తోంది?

ప్రశ్న (లేత_పసుపు):

మైక్రోబయాలజీ ఎమ్మెస్సీ ఫైనలియర్ ప్రాజెక్టు చేస్తున్నాను. నాలుగు రోజులుగా ఒక్క దగ్గరే ఆగిపోయాను, ఎవరైనా కాస్త విడమరచి చెప్పండి.

ఇ. కోలై బ్యాక్టీరియాలో ఫ్యూమరేట్ రిడక్టేజ్ (ఆక్సిజన్ బదులు ఫ్యూమరేట్‌తో శ్వాసించడానికి కావలసిన ఎంజైమ్) జీన్ ప్రమోటర్‌ని, అంటే దాన్ని ఆన్ చేసే భాగాన్ని, లాక్‌జెడ్ అనే రిపోర్టర్ జీన్‌కి అతికించిన స్ట్రెయిన్ ఒకటి మా ల్యాబ్‌లో ఉంది. దాన్ని గ్లూకోజ్ మీడియంలో రెండు రకాలుగా పెంచాను. ఒకటి పెద్ద ఫ్లాస్కులో కొంచెం మీడియం పోసి షేకర్ మీద. రెండోది మూత ట్యూబులో అంచు దాకా నింపి, గాలి బుడగ కూడా లేకుండా బిగించి, కదపకుండా ఇంక్యుబేటర్‌లో. తర్వాత ఓఎన్‌పీజీ (లాక్‌జెడ్ ఎంజైమ్ ఉంటే పసుపు రంగు ఇచ్చే పదార్థం) వేస్తే ట్యూబు కల్చర్ చూస్తుండగానే పసుపు తిరిగింది, ఫ్లాస్కుది ఎంతసేపు ఉంచినా రంగు వచ్చిందా రాలేదా అన్నట్టు ఉండిపోయింది. ఇంతవరకు పుస్తకంలో రాసినట్టే ఉంది, ఆక్సిజన్ లేనప్పుడు ఎఫ్ఎన్ఆర్ ఈ జీన్‌ని ఆన్ చేస్తుంది అని.

కానీ అవే కల్చర్లతో ఎఫ్ఎన్ఆర్ యాంటీబాడీ పెట్టి వెస్టర్న్ బ్లాట్ (ఒక ప్రోటీన్ ఎంత ఉందో బ్యాండ్‌గా చూపే పరీక్ష) చేస్తే రెండు లేన్లలోనూ బ్యాండ్ దాదాపు ఒకే మందం! లోడింగ్‌లో తప్పు చేశానేమో అని మళ్ళీ చేశాను, మళ్ళీ అదే. గాలి ఉన్నప్పుడు కూడా అంత ప్రోటీన్ ఉంటే మరి అది పని ఎందుకు చేయట్లేదు? ఇంకొకటి, ట్యూబులో నైట్రేట్ కలిపితే పసుపు బాగా తగ్గిపోయింది. అక్కడ ఆక్సిజన్ ఎలాగూ లేదు కదా, మరి నైట్రేట్‌కి దీనితో ఏం సంబంధం? వచ్చే వారం వైవా, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు 1 (ఇనుము_గంధకం):

మీ బ్లాట్ కరెక్టే, టెన్షన్ పడకండి. అది ప్రోటీన్ ఎంత ఉందో చెబుతుంది, ఏ స్థితిలో ఉందో చెప్పదు. ఎస్‌డీఎస్ (ప్రోటీన్ మడతలు విప్పే డిటర్జెంట్) వేసి మరిగించాక మిగిలేది ఉత్త అమైనో ఆమ్లాల గొలుసే, అసలు సంగతి అప్పటికే ఊడిపోయి ఉంటుంది.

ఆ అసలు సంగతి ఏమిటంటే, ఎఫ్ఎన్ఆర్ లోపల నాలుగు ఇనుము, నాలుగు గంధకం పరమాణువులతో కట్టిన చిన్న గూడు లాంటిది ఒకటుంటుంది, దాన్ని నాలుగు సిస్టీన్ అమైనో ఆమ్లాలు (20, 23, 29, 122 స్థానాల్లోవి) పట్టుకుని ఉంటాయి. ఈ క్లస్టర్ ఉంటేనే రెండు ఎఫ్ఎన్ఆర్‌లు జతకట్టి డైమర్ అవుతాయి, జతకడితేనే డీఎన్ఏ మీద టీటీజీఏటీ, మధ్యలో నాలుగు అక్షరాలు, ఆపైన ఏటీసీఏఏ అని ఉన్న చోట కూర్చోగలవు. ఆక్సిజన్ తగలగానే నాలుగు-నాలుగు క్లస్టర్ రెండు-రెండుగా విరిగిపోతుంది, జత విడిపోతుంది, డీఎన్ఏ మీద పట్టు పోతుంది. గాలి ఎక్కువసేపు ఉంటే ఆ మిగిలిందీ పోయి ఖాళీ ప్రోటీన్ ఉంటుంది. మీ బ్లాట్‌లో ఫ్లాస్కు లేన్‌లో కనపడింది ఆ పని చేయని ఎఫ్ఎన్ఆర్.

నాకు ఇందులో బాగా నచ్చేది ఏమిటంటే, గాలి ఉన్నంతసేపూ కణం ఊరుకోదు. ఐఎస్‌సీ అనే యంత్రాంగం క్లస్టర్లు కడుతూనే ఉంటుంది, ఆక్సిజన్ విరగ్గొడుతూనే ఉంటుంది, విడిపోయిన ఒంటరి ఎఫ్ఎన్ఆర్‌ని క్లిప్‌ఎక్స్‌పీ అనే ప్రోటియేజ్ నరుకుతుంది, మళ్ళీ కొత్తది తయారవుతుంది. దీనికి ఖర్చు ఉంది. కానీ ఆక్సిజన్ అయిపోయిన క్షణం నుంచి కొత్త సెన్సార్ తయారుచేసుకునేదాకా ఆగాల్సిన అవసరం లేదు, విరగ్గొట్టే చెయ్యి ఆగితే చాలు, కట్టే చెయ్యి ఎలాగూ పని చేస్తూనే ఉంది కాబట్టి డైమర్లు వాటంతట అవే పెరుగుతాయి. పేగులో గాలి ఉన్న చోటి నుంచి లేని చోటికి నిమిషాల్లో జారిపోయే జీవికి ఈ తొందర కావాలి.

వైవాలో రుజువు అడిగితే 28వ స్థానంలో ల్యూసిన్ బదులు హిస్టిడిన్ ఉన్న మ్యూటెంట్ గురించి చెప్పండి. దాని క్లస్టర్ ఆక్సిజన్‌కి తట్టుకుంటుంది, అందుకే గాలిలో కూడా జీన్లు ఆన్‌లోనే ఉంటాయి.

జవాబు 2 (పొర_మీద):

ఎఫ్ఎన్ఆర్ ఒక్కటే కాదు, ఆర్క్‌బీ, ఆర్క్‌ఏ అనే రెండు ప్రోటీన్ల ఆర్క్ సిస్టమ్ కూడా చెప్పాలి. ఆర్క్‌బీ కణం పొరలో కూర్చుని ఆక్సిజన్‌ని పట్టుకుంటుంది, అది లేకపోతే ఆర్క్‌ఏకి ఫాస్ఫేట్ అందిస్తుంది, ఆర్క్‌ఏ వెళ్ళి క్రెబ్స్ సైకిల్ జీన్లు ఆపేస్తుంది.

జవాబు 3 (క్వినోన్):

పైన చెప్పినదాంట్లో చిన్న సవరణ, వైవాలో సరిగ్గా ఇక్కడే పట్టుకుంటారు. ఆర్క్‌బీ ఆక్సిజన్‌ని నేరుగా పట్టుకోదు. పొరలో తిరుగుతూ ఎలక్ట్రాన్లు మోసే క్వినోన్లు అనే చిన్న అణువులను చూస్తుంది. ఆక్సిజన్ ఉన్నంతసేపూ ఎలక్ట్రాన్లు దానికి వెళ్ళిపోతుంటాయి కాబట్టి క్వినోన్లు ఆక్సీకరణ చెంది ఉంటాయి, అవి ఆర్క్‌బీలో సిస్టీన్ల మధ్య డైసల్ఫైడ్ బంధం వేయించి దాని నోరు కట్టేస్తాయి. ఆక్సిజన్ తగ్గితే ఎలక్ట్రాన్లు పోయే దారి లేక క్వినోన్ల మీదే పేరుకుంటాయి, ఆ బంధం తెగి ఆర్క్‌బీ పనిలోకి దిగుతుంది. అంటే ఎఫ్ఎన్ఆర్ ఆక్సిజన్‌నే చూస్తుంది, ఆర్క్‌బీ మాత్రం శ్వాస ఎలా సాగుతోందో చూస్తుంది. రెండూ వేరు వేరు ప్రశ్నలు.

అందుకే కొంచెమే ఆక్సిజన్ మిగిలినప్పుడు ఆర్క్ పని ఎక్కువ కనపడుతుంది. సైటోక్రోమ్ బీఓ అనే మామూలు ఆక్సిడేజ్‌ని (ఆక్సిజన్‌కి ఎలక్ట్రాన్లు అందించే ఎంజైమ్‌ని) తగ్గించి, ఆక్సిజన్ అడుగంటినా పట్టుకోగల సైటోక్రోమ్ బీడీని పెంచుతుంది. ఆక్సిజన్ పూర్తిగా లేకపోతే కణం దాన్నీ తగ్గించేస్తుంది, ఆ పనిలో ఎఫ్ఎన్ఆర్‌ది కూడా చెయ్యి ఉంది.

ఇక నైట్రేట్. గాలి లేదంటే శ్వాస లేదని అనుకోవద్దు, ఎలక్ట్రాన్లు తీసుకోవడానికి ఇంకేదైనా ఉంటే చాలు. ఎలక్ట్రాన్లను లాక్కునే బలం (రెడాక్స్ పొటెన్షియల్) ఆక్సిజన్ దగ్గర +820 మిల్లీవోల్టులు, నైట్రేట్ +420, ఫ్యూమరేట్ కేవలం +30. పైదాంట్లో శక్తి ఎక్కువ, అందుకని అది దొరికినంతసేపూ కణం కిందిదాని జోలికి పోదు. నైట్రేట్ వచ్చిందని పొరలో ఉన్న నార్‌ఎక్స్ అనే సెన్సార్ చూసి, జీన్లను నియంత్రించే నార్‌ఎల్ అనే ప్రోటీన్‌కి ఫాస్ఫేట్ ఇస్తుంది. ఆ నార్‌ఎల్ నైట్రేట్ రిడక్టేజ్ జీన్ దగ్గర ఎఫ్ఎన్ఆర్‌తో కలిసి ఆన్ చేస్తుంది, మీ ఫ్యూమరేట్ రిడక్టేజ్ ప్రమోటర్ దగ్గర మాత్రం ఎఫ్ఎన్ఆర్ ఉన్నా అడ్డం కూర్చుంటుంది. మీ ట్యూబులో పసుపు తగ్గింది ఇందుకే. ప్రయోగం చక్కగా వచ్చింది, దాచుకోకుండా థీసిస్‌లో పెట్టండి.

ఇంకో మాట, లాక్‌జెడ్ బదులు జీఎఫ్‌పీ (ఆకుపచ్చగా వెలిగే ప్రోటీన్) వాడదామని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోకండి. జీఎఫ్‌పీ వెలగాలంటే దానికే ఆక్సిజన్ కావాలి, జీన్ ఆన్‌లో ఉన్నా మీకు చీకటే కనపడుతుంది.

జవాబు 4 (అనంత_వేరుశనగ):

నేను అగ్రికల్చర్ వైపు మనిషిని, ల్యాబ్ మనిషిని కాదు, కానీ ఇది చదివాక రాయకుండా ఉండలేకపోయాను. అనంతపురంలో మా వేరుశనగ చేలో పూత దశలో మొక్క పీకి మట్టి దులిపితే, పక్క వేర్లు చీలే చోట బుడిపెలు కనపడతాయి. ఒకటి తీసి గోటితో చీల్చండి, లోపల మాంసం ముక్కలా గులాబీ ఎరుపు. అది లెగ్‌హీమోగ్లోబిన్, మన రక్తంలో ఉండేదానికి చుట్టం. లోపల బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టే నైట్రోజినేజ్ ఆక్సిజన్ తగిలితే పాడైపోతుంది, కానీ ఆ పనికి కావలసిన శక్తి కోసం బ్యాక్టీరియా శ్వాసించక తప్పదు. అందుకని లెగ్‌హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ని కరుచుకుని ఉండి చుక్క చుక్కగా అందిస్తుంది.

అక్కడి స్విచ్ పేరు ఫిక్స్‌ఎల్. ఎక్కువ పరిశోధన జరిగింది లూసర్న్ గడ్డి వేర్లలో ఉండే సైనోరైజోబియం మీద. ఫిక్స్‌ఎల్‌లో హీమ్ (ఇనుమున్న చిన్న భాగం) ఉంటుంది, ఆక్సిజన్ దాని మీద కూర్చున్నంతసేపూ ఊరుకుంటుంది, దిగిపోగానే ఫిక్స్‌జే అనే ఇంకో ప్రోటీన్‌కి ఫాస్ఫేట్ ఇస్తుంది, నత్రజని జీన్ల పని మొదలవుతుంది. ఎఫ్ఎన్ఆర్‌లో విరిగేది, ఇక్కడ ఎక్కి దిగేది. బుడిపె లోపల ఆకుపచ్చగా మారిందంటే దాని పని అయిపోయినట్టు, మా నాన్న అలాంటివి చూసి తల ఊపేవాడు, కారణం నాకు చాలా ఏళ్ళకు తెలిసింది.

జవాబు 5 (ఇనుము_గంధకం):

హీమ్ మాట వచ్చింది కాబట్టి టీబీ క్రిమి కూడా చెప్పుకోవాలి. అందులో డాస్‌ఎస్, డాస్‌టీ అని రెండు హీమ్ సెన్సార్లు, అవి డాస్‌ఆర్ అనే ప్రోటీన్‌ని లేపితే యాభై దాకా జీన్లు ఆన్ అయి క్రిమి పెరగడం మానేసి నిద్రాణంగా ఉండిపోతుంది. డాస్‌ఆర్‌నే డెవ్‌ఆర్ అని కూడా అంటారు, ఆ పేరు 2000లో ఢిల్లీ ఎయిమ్స్‌లో జయా త్యాగి బృందం ప్రచురించిన పేపర్‌లోది. రెండు పేర్లూ చూసి వేరు వేరు ప్రోటీన్లనుకుని చాలామంది పిల్లలు తికమకపడతారు.

లేత_పసుపు:

అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. ప్రోటీన్ ఉంటే పని చేస్తున్నట్టే అనుకుని కూర్చున్నాను, తప్పు అక్కడ. నార్‌ఎల్ లేని స్ట్రెయిన్ పక్క ల్యాబ్‌లో ఉందట, కాకపోతే అందులోకి మా లాక్‌జెడ్ ఫ్యూజన్‌ని ఎక్కించాలి, అది వైవాలోపు అవుతుందో లేదో. అయితే నైట్రేట్ ట్యూబు పక్కన దాన్ని పెడతాను. అందులో పసుపు తగ్గకుండా ఉంటే ఫోటో ఇక్కడే పెడతాను.