పేగు ఆర్గనాయిడ్లు (మూలకణాల నుంచి ల్యాబులో పెంచే బుల్లి పేగులు) వచ్చాయి కదా, ఇంకా ఎలుకల మీద పరీక్షలెందుకు?

సూక్ష్మదర్శిని:
పేగు జబ్బుల వరకైనా ఆపేయాలన్నది నా వాదన. 2009లో నెదర్లాండ్స్‌లో తోషిరో సాతో, హాన్స్ క్లెవర్స్ ఎలుక పేగులోని ఒక్క మూలకణం నుంచి బుల్లి పేగును పెంచి చూపించారు. తర్వాత సిన్సినాటిలో స్పెన్స్, వెల్స్ బృందం మనిషి మూలకణాలతోనే ఆ పని చేసింది. మన దేశంలోనూ 2023లో కొత్త మందుల నిబంధనలు సవరించి, జంతువులకు బదులు ఇలాంటి పద్ధతులకు వీలు కల్పించారు. ఇంకా దేనికోసం ఆగాలి?

టాక్సికాలజీ_వరంగల్:
ఆ ఆర్గనాయిడ్‌లో రక్తప్రసరణ ఉందా? మామూలుగా పెంచితే రోగనిరోధక కణాలూ ఉండవు, పేగు బ్యాక్టీరియా అసలే ఉండదు. మింగిన మాత్ర పేగు దాటి కాలేయంలో మారిపోయి, చివరికి కిడ్నీని దెబ్బతీయొచ్చు. డిష్‌లో అది కనపడదు. పైగా మీ ఆర్గనాయిడ్లు పెరగడానికి వాడే మ్యాట్రిజెల్ అనే జెల్ ఎక్కడిది? ఎలుక కణితి నుంచి తీసిందే!

సూక్ష్మదర్శిని:
మ్యాట్రిజెల్ విషయం నిజమే, దానికి ప్రత్యామ్నాయం రావాలి. కానీ సిస్టిక్ ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తుల్లో, పేగుల్లో చిక్కటి జిగురు పేరుకునే జన్యుజబ్బు) సంగతి చూడండి. ఆ జబ్బులో చెడిపోయే సీఎఫ్‌టీఆర్ జన్యువు తీసేసిన ఎలుకకు మనుషుల్లో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు సరిగా రాదు. నెదర్లాండ్స్‌లోని యుట్రెక్ట్‌లో రోగి పురీషనాళం నుంచి చిన్న ముక్క తీసి, ఆర్గనాయిడ్లు పెంచి, సీఎఫ్‌టీఆర్‌ను పురిగొల్పే ఫోర్‌స్కోలిన్ అనే రసాయనం వేస్తారు. సీఎఫ్‌టీఆర్ పనిచేస్తే లోపలికి నీరు చేరి కళ్లముందే ఉబ్బుతాయి. లేకపోతే ఉలుకూ పలుకూ ఉండదు. మందు కలిపాక ఉబ్బాయంటే ఆ రోగికి ఆశ ఉన్నట్టే. అరుదైన మ్యుటేషన్ (జన్యు మార్పు) ఉన్న పిల్లలకు ట్రయల్ పెడదామన్నా సరిపడా రోగులు దొరకరు. వాళ్లకు ఏ ఎలుక సమాధానం చెబుతుంది?

కల్చర్‌రూమ్_శారద:
ఇద్దరూ పెంపకం కష్టం వదిలేశారు. మ్యాట్రిజెల్‌ను ఐస్ మీంచి తీసి కాస్త ఆలస్యం చేస్తే పిపెట్‌లోనే గడ్డకడుతుంది. బ్యాచ్ మారితే పెరుగుదలా మారుతుంది. ఒకే రోగి కణాలకు రెండు ల్యాబుల్లో రెండు ఫలితాలొస్తే డాక్టరు దేన్ని నమ్మాలి? ముందు అందరూ ఒకే పద్ధతికి రావాలి, ఎలుకల సంగతి తర్వాత.

టాక్సికాలజీ_వరంగల్:
శారద గారు చెప్పిందే అసలు చిక్కు. సూక్ష్మదర్శిని గారూ, ఫలానా రోగికి ఫలానా మందు పడుతుందా అన్న ప్రశ్నకు ఆర్గనాయిడే మేలు, కాదనను. పేగును పాడుచేసే మందుల్ని ముందే ఏరేస్తే చాలా జంతువులు బతుకుతాయి కూడా. కానీ మనిషికి తొలిసారి ఇచ్చే కొత్త మందుకు ఒక్క పేగు ఆర్గనాయిడ్ ఫలితమే చూపిస్తే మాత్రం నేను సంతకం పెట్టను.