ఒకప్పుడు ఒళ్ళు జలదరించిన చోట ఇప్పుడేమీ కలగడం లేదు. ఎలా వినాలి?

పర్లాకిమిడి_శ్రోత:

అందరికీ నమస్కారం. సంగీతం, నాటకం బాగా తెలిసినవాళ్ళు ఇక్కడ ఉన్నారని అడుగుతున్నాను. "మనసు పెట్టి విను" అన్న సలహా ఇదివరకే చాలామంది ఇచ్చారు. ఏం చెయ్యాలో, ఎంతసేపు చెయ్యాలో చెబితే మేలు.

ముఖారి రాగం ఆలాపన రికార్డు ఒకటుంది, 14 నిమిషాలది. 9వ నిమిషంలో గొంతు తారషడ్జం (పై స) మీద నిలబడే చోట చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకునేవి. 5 నెలలు రోజూ విన్నాక ఆ చోటు మామూలుగా దాటిపోతోంది. నేరుగా అక్కడికే జరిపి విన్నా ఫలితం లేదు. పోయిన పులకింత తిరిగొస్తుందా?

రెండోది, రాత్రంతా ప్రహ్లాద నాటకం చూసొస్తే మర్నాడంతా వెలితి, చిరాకు, చెవుల్లో గుయ్యిమని మోత. దీనికేం చెయ్యాలి?

మూడోది, పాట వింటుంటే కన్నీళ్ళు ఆగవు. ఇది జబ్బేమోనని ఇంట్లో బెంగపడుతున్నారు. వాళ్ళకేం చెప్పాలి?

లయమాస్టారు_బరంపురం:

తమ్ముడూ, మొదటిదానికి నేను చెబుతాను. తిరిగొస్తుంది. అయితే 9వ నిమిషానికి జరిపి వినడం ఇవాళే మానెయ్యి. ఉన్నదాన్ని పోగొడుతున్నది అదే.

2011లో మాంట్రియల్ పరిశోధకులు పాట వింటున్నవాళ్ళ మెదడుకు స్కాన్లు తీసి చూశారు. డోపమైన్ అనే రసాయనం రెండు చోట్ల విడుదలైంది. ఇష్టమైన ఘట్టం రాబోతోందని కాచుకునే క్షణాల్లో మెదడులో ఒక భాగంలో, ఆ ఘట్టం వచ్చినప్పుడు ఇంకో భాగంలో. కాచుకోవడం కూడా ఆనందంలో వాటాదారే అన్నమాట. ఆ ముందు భాగాన్ని కోసేసి షడ్జాన్ని ఒక్కదాన్నీ చెవిలో వేసుకుంటే అది ఉత్త షడ్జంగానే మిగులుతుంది. ఇక రోజూ వినడం వల్ల ఊపిరి తీసిన చప్పుడుతో సహా కంఠతా వచ్చేసి ఉంటుంది. ఆ గాయకుడు ఇంకాస్త ఆపుతాడా, ఇప్పుడే అందుకుంటాడా అనే ప్రశ్నే నీకు మిగల్లేదు.

ముఖారిలో ఆ ప్రశ్న ఎక్కడ పుడుతుందో చూడు. ఆరోహణ స రి మ ప ని ద స. పైషడ్జానికి నిషాదం మీంచి సూటిగా వెళ్ళదు, వెనక్కి వంగి ధైవతాన్ని తాకి అప్పుడు ఎక్కుతుంది. ఆ ధైవతం చతుశ్రుతి, అంటే రెండు ధైవతాల్లో పై మెట్టుది. దిగేటప్పుడు స ని ద ప మ గ రి స, ఇక్కడ ధైవతం శుద్ధం, ఒక మెట్టు కిందిది. ఒకే రాగంలో ఎక్కడానికో ధైవతం, దిగడానికో ధైవతం. గాయకుడు ని ద దగ్గర ఆగినప్పుడు ఇది పైకెళ్తుందా, శుద్ధ ధైవతంలోకి జారి పంచమానికి దిగుతుందా అని చెవి ఊగిసలాడుతుంది. పైకెళ్ళి షడ్జం మీద నిలబడగానే వెంట్రుకలు లేస్తాయి. ఈ రెండు ధైవతాలను చెవి విడివిడిగా గుర్తుపట్టడం మొదలుపెడితే 9వ నిమిషం ఒక్కటే కాదు, 3వ నిమిషంలోనూ నీకు నిలబడే చోట్లు దొరుకుతాయి.

ఇక చెయ్యవలసింది. ఆ రికార్డును 6 వారాలు ముట్టుకోవద్దు. ఫోనులోంచి తీసి ఇంకెక్కడైనా దాచు, చేతికి అందితే ఆగలేవు. ఆ 6 వారాల్లో ముఖారి వినడం మానక్కర్లేదు. వేరే గాయకులవి, వీణ మీద, వేణువు మీద వాయించినవి వారానికి రెండు చొప్పున విను. ఒక్కోటి ఒకేసారి, చివరిదాకా. రోజూ ఓ 10 నిమిషాలు తంబురా పెట్టుకుని (మగ గొంతుకు ఒకటో శ్రుతి, అంటే C దగ్గర, ఆడ గొంతుకు అయిదో శ్రుతి, అంటే G దగ్గర మొదలుపెట్టి నీకు కుదిరేది చూసుకో) ప ని ద స, స ని ద ప అని నెమ్మదిగా పాడు. గొంతు బాగుండక్కర్లేదు. పైకెళ్ళే ధైవతానికీ దిగే ధైవతానికీ తేడా నీ గొంతులో తగలాలి, అంతే. శుద్ధ ధైవతం పాడబోతే చతుశ్రుతిలోనే ఉండిపోవడం మొదట్లో అందరూ చేసే తప్పు. హార్మోనియం మీద రెండు మెట్లూ పక్కపక్కనే నొక్కి చూస్తే సర్దుకుంటుంది.

6 వారాలయ్యాక రాత్రి భోజనం అయిన గంటకు, గదిలో దీపం తగ్గించి, మొదటి సెకను నుంచి విను. ఫోను స్పీకరులో వద్దు. ఒకటో శ్రుతి తంబురాలో మంద్రషడ్జం (కింది స) 65 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, ఆ చిన్న స్పీకరు దాన్ని పలకనే లేదు. కింద ఆధారం వినబడకపోతే పైన గొంతు ఎంత దూరం ఎక్కిందో చెవికి తెలియదు. ఓ మాదిరి ఇయర్‌ఫోన్లు చాలు, ఖరీదైనవి అక్కర్లేదు. అప్పటికీ పులకింత రాకపోతే బలవంతపెట్టకు, వచ్చిందా రాలేదా అని చేతి వంక చూసుకోకు. ధ్యాస చేతి మీదికి వెళ్ళగానే రాగం చెయ్యి జారిపోతుంది. మళ్ళీ నెల ఆగు.

కృతి అయితే ఇంకో సాయం ఉంది. చేత్తో తాళం వెయ్యి. ఆదితాళానికి ఒక దెబ్బ, చిటికెన, ఉంగరం, మధ్య వేళ్ళు, తర్వాత దెబ్బ-విసురు, దెబ్బ-విసురు, మొత్తం 8. పల్లవి దెబ్బ మీదే ఎత్తుకుందా, దాటి ఎత్తుకుందా అన్నది పట్టుకుంటే కల్పనస్వరాలు (గాయకుడు అప్పటికప్పుడు అల్లే స్వరాలు) ఆ ఎత్తుగడకు తిరిగొచ్చే ప్రతిసారీ చెయ్యే ముందుగా నీకు చెబుతుంది.

శబ్దం_రాయగడ:

చెవుల్లో మోత సంగతి నేను చెబుతాను, ఎందుకంటే అందరూ దాన్ని నాటకం ప్రభావంలా చూసి వదిలేస్తున్నారు. అది చెవి దెబ్బతిన్న గుర్తు. పెద్ద శబ్దానికి లోపలి చెవిలోని సన్నని రోమకణాలు అలిసిపోతాయి. కొన్ని గంటల్లో కోలుకుంటే అదృష్టం. పదేపదే జరిగితే చచ్చిపోతాయి, మనిషిలో అవి మళ్ళీ పుట్టవు. అలిసిన చెవికి సన్నని గమకాలు (స్వరాల మీది ఊపులు) అందవు. కాబట్టి శ్రోతగారూ, మీ ముఖారి రుచి తగ్గడంలో దీని వాటా కూడా ఉందేమో చూసుకోండి. నాటకం చూసొచ్చిన రెండు రోజుల్లో ఆలాపన విని పులకింత పోయిందని తేల్చెయ్యకండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దలకు వారానికి 80 డెసిబెల్స్ దగ్గర 40 గంటలు. శబ్దం 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ గంటలు సగమవుతాయి. 89 దగ్గర 5 గంటలు, 95 దగ్గర గంటంపావు, 98 దగ్గర 40 నిమిషాలు కూడా లేవు. ప్రహ్లాద నాటకంలో ఝాంజాలు (పెద్ద తాళాలు), మర్దళ (మద్దెల), వాటికి మైకు సెట్టు. హిరణ్యకశిపుడు దిగే వేళకు బాక్సు పక్కన కూర్చున్నవాళ్ళ వారం కోటా అయిపోతుంది, ఇంకా రాత్రంతా మిగిలే ఉంటుంది.

ఆరుబయట దూరం రెట్టింపైతే 6 డెసిబెల్స్ తగ్గుతాయి. బాక్సుకు 5 మీటర్ల దగ్గర 100 ఉంటే 10 మీటర్ల దగ్గర 94, 20 మీటర్ల దగ్గర 88. ముందు వరుసలోనే కూర్చోవాలనుకుంటే బాక్సులు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి నడిమధ్య కూర్చోండి. గాహకుడి (నాటకాన్ని పాడి నడిపించేవాడి) గొంతు అక్కడ నేరుగా కూడా వినబడుతుంది. దూది పెట్టుకోవడం వల్ల దాదాపు ఉపయోగం లేదు. మందుల షాపులో దొరికే నురగ ఇయర్‌ప్లగ్గులు తీసుకుని, వేళ్ళ మధ్య సన్నటి వత్తిలా నలిపి, రెండో చేత్తో తల మీదుగా చెవిని పైకీ వెనక్కీ లాగి లోపలికి దూర్చి, ఉబ్బేదాకా 30 సెకన్లు వేలితో పట్టి ఉంచాలి. చాలామంది నలపకుండా అంచున ఆనించి పని చెయ్యలేదంటారు. సగం ప్లగ్గు బయట కనబడుతుంటే సరిగా దిగలేదని గుర్తు. మోత మర్నాటికీ తగ్గకపోతే చెవి డాక్టరుకు చూపించండి. ఒక చెవి హఠాత్తుగా వినబడకపోతే అదే రోజు వెళ్ళాలి, ఆలస్యమైతే మందు పనిచేసే అవకాశం తగ్గిపోతుంది.

అభినయం_జయపురం:

బాబూ, కన్నీళ్ళ గురించి మీ ఇంట్లో ధైర్యంగా చెప్పండి. నాట్యశాస్త్రం సాత్త్విక భావాలు, అంటే లోపలి ఉద్వేగం ఒంటి మీద కనబడే గుర్తులు, ఎనిమిది చెప్పింది: స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రలయం. మీకు కలిగే పులకింత మూడోది, కన్నీళ్ళు ఏడోది. భరతుడు ఇవి నటుడి పరంగా చెప్పాడు. రసానుభవం కలిగిన సహృదయుడి, అంటే మనసిచ్చి చూసే ప్రేక్షకుడి ఒంట్లోనూ కంపం, పులకింత కలుగుతాయని నాట్యశాస్త్రానికి వ్యాఖ్య రాసిన అభినవగుప్తుడు రాశాడు. మీరు అనుభవిస్తున్నదానికి వెయ్యేళ్ళ కిందటే పేరుంది.

అయినా తేడా తెలుసుకోవాలి. పాటకు వచ్చిన కన్నీళ్ళు పాటతో పాటే సర్దుకుంటాయి, తర్వాత గుండె తేలికపడుతుంది, ఆకలి వేస్తుంది. పాట ఆగినా ఏడుపు ఆగకపోవడం, నిద్ర, తిండి తప్పడం, ఇష్టమైనవేవీ పట్టకపోవడం 2 వారాలు సాగితే అది వేరే సంగతి. పాట దానికి సాకుగా దొరికిందంతే. డాక్టరుతో మాట్లాడండి, లేదా 14416కు ఫోను చెయ్యండి. అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు, డబ్బు తీసుకోరు.

మర్నాటి వెలితిలో సగం నిద్రలేమి. దాన్ని కళ ఖాతాలో వెయ్యకండి. నాటకానికి వెళ్ళేరోజు మధ్యాహ్నం గంటన్నర పడుకోండి. రాత్రి 11 దాటాక టీ వద్దు, నీళ్ళు, మరమరాలు చాలు. తెల్లవారుజామున నరసింహుడి ప్రవేశం చూసి ఇంటికొచ్చాక వెంటనే ఫోను తెరవకండి. స్నానం, చద్దన్నమో ఇడ్లీయో ఏదో ఒకటి తిని, ఓ నాలుగు గంటలు నిద్ర. లేచాక మనసు ఇంకా అక్కడే తిరుగుతుంటే కాగితం మీద రాయండి. "బాగుంది" అని కాదు. గాహకుడు ఏ పాటను ఎన్నిసార్లు తిప్పాడు, హిరణ్యకశిపుడు రంగస్థలం మెట్ల మీద ఎక్కడ ఆగాడు, లీలావతి ఏడ్చినప్పుడు వాద్యం తగ్గిందా, పూర్తిగా ఆగిందా. ఇలాంటివి పదిహేను వాక్యాలు. ఉన్నది పోయిందనే బాధ అప్పుడు గుర్తుగా మారుతుంది. సాయంత్రం ఎవరైనా తోటి ప్రేక్షకుడితో అరగంట మాట్లాడండి, చూడనివాళ్ళతో వద్దు.

నాటకాన్ని మొత్తం ఫోనులో తీసే అలవాటుంటే మానుకోండి. 2014లో అమెరికాలో ఒక మ్యూజియంలో చూశారు, ఫోటో తీసిన వస్తువుల వివరాలు ఉత్త కళ్ళతో చూసినవాటికంటే తక్కువగా గుర్తున్నాయట. బొమ్మలు చూసేవాళ్ళకు ఇది ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. గంజాం జిల్లా బుగుడా ఊళ్ళోని బిరంచినారాయణ గుడి గోడల మీది రామాయణ చిత్రాలకు వెళ్తే అన్నీ చూడాలని తిరగకండి. ఒక్క ఘట్టం ముందు 10 నిమిషాలు నిలబడండి. ముందు రెండడుగుల దూరంలో గీత చూడండి, నల్ల అంచు ఎక్కడ సన్నబడిందో, ఎక్కడ లావైందో. తర్వాత ఆరడుగులు వెనక్కి వచ్చి ఎవరి చూపు ఎవరి మీద ఉందో చూడండి. గోడను ముట్టుకోవద్దు, ఫ్లాష్ వెయ్యవద్దు. తల తిరిగినట్టయితే కూర్చుని నీళ్ళు తాగండి. ఎక్కువసేపు తలెత్తి చూడడం, ఖాళీ కడుపు, ఉక్క, వీటికి తోడు ఉద్వేగం. అన్నీ కలిస్తే అలాగే ఉంటుంది.

పర్లాకిమిడి_శ్రోత:

మాస్టారూ, అక్కా, రాయగడ అన్నా, చాలా సంతోషం. ఇవాళ్టి నుంచే మొదలుపెడతాను. ఇంకొక్కటి. 6 వారాల్లో ఒడియా చంపూ (పద్యం, గద్యం కలిసిన కావ్యం) పాటలు కూడా విందామనుకుంటున్నాను. రాగం పట్టుకుంటోంది గానీ మాట అందక మనసు సగం దూరంలోనే ఆగిపోతోంది. ఒడియా మాట్లాడతాను, పాటలో మాత్రం తెలియడం లేదు.

చంపూప్రియ_ఆస్కా:

మాట్లాడే ఒడియా వేరు, చంపూ భాష వేరు, సంస్కృతం పాలు ఎక్కువ. తెలుగువాడికి అది అనుకూలమే. కవిసూర్య బలదేవ రథ్ (1789–1845) మన గంజాం కవి, త్యాగరాజస్వామి (1767–1847) కాలం వాడే. ఆయన కిశోరచంద్రానన చంపూలో పాటలు 'క' నుంచి 'క్ష' దాకా అక్షరక్రమంలో నడుస్తాయి. 'క' పాటలో పాదాలు 'క'తోనే ఎత్తుకుంటాయి, 'ఖ' పాటలో 'ఖ'తో. యతిప్రాసలకు అలవాటుపడ్డ చెవి మనది కాబట్టి అదే పట్టుకొమ్మ. పాదం మొదలయ్యే చోట ఆ అక్షరం కోసం కాచుకోండి. మాస్టారు చెప్పిన ఎదురుచూపు ఇక్కడ మాటలోనే ఉంది.

మనవాళ్ళు తడబడేది అకారం దగ్గర. ఒడియాలో అది ఒకారంలా పలుకుతుంది, 'కమల' 'కొమొళొ'లా వినిపిస్తుంది. 'క' కోసం కాచుకుంటే 'కొ' వచ్చి దాటిపోతుంది. ముందు పాఠాన్ని తెలుగు లిపిలో రాసుకోండి. అకారం ఉన్నచోటల్లా పైన చిన్న సున్న పెట్టి, పలికేటప్పుడు గుండ్రంగా అనండి. మొదటి రోజు 4 పాదాలు, పాట లేకుండా చదవడం. రెండో రోజు తెలియని మాటలు మాత్రం నిఘంటువులో చూడండి, సంస్కృతం మాటలు మీకు వచ్చేసే ఉంటాయి. మూడో రోజు కాగితం చేతిలో పెట్టుకుని పాట. నాలుగో రోజు కాగితం లేకుండా. ఒక పాటకు రెండు వారాలు పడుతుంది, అంతకంటే తొందరపడవద్దు. రాధ మాట ఏది, సఖి లలిత మాట ఏది అన్నది పక్కన రాసుకోండి. ఎవరు ఎవరితో అంటున్నారో తెలియకపోతే అర్థం తెలిసినా ఎత్తిపొడుపు అందదు, చంపూలో బాధంతా ఆ ఎత్తిపొడుపు మాటల్లోనే దాక్కుని ఉంటుంది.