లూపస్ రోగులకు రంగు చూసి విడి గ్రూపులా? మీరేమంటారు

మంగుమచ్చ (అట్లాంటా)

పోట్లాట పెట్టడానికి కాదు ఈ పోస్టు. పోట్లాట అవుతుందని తెలుసు, అది వేరే సంగతి.

నాకు లూపస్ అని తేలి ఏడేళ్ళయింది. తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క: బయటి క్రిముల మీద పడాల్సిన మన రోగనిరోధక వ్యవస్థ మన కీళ్ళ మీద, చర్మం మీద, కిడ్నీల మీద పడే జబ్బు ఇది. పదిమంది రోగుల్లో తొమ్మిదిమంది ఆడవాళ్ళే. నాకు దాని పేరు తెలియడానికే రెండేళ్ళు పట్టింది. బుగ్గల మీద మచ్చ వస్తే అమ్మ వీడియో కాల్‌లో చూసి "మంగు వచ్చిందే, ఎండలో తిరక్కు" అంది. ఇక్కడి స్కిన్ డాక్టర్ కూడా అదే మాట ఇంగ్లీషులో చెప్పి క్రీమ్ రాశారు. లూపస్ మచ్చ ఎర్రగా ఉంటుందని పుస్తకాల్లో ఉంది. నా మొహం మీద అది ఎర్రగా లేదు, వంకాయ తొక్క రంగులో ఉంది. పాదాలు వాచి, యూరిన్‌లో ప్రొటీన్ పోతోందని తేలాక గానీ ఎవరికీ అనుమానం రాలేదు.

ఇక అసలు విషయం. ఆరేళ్ళుగా నేను వెళ్తున్న సపోర్ట్ గ్రూపు తెల్లవాళ్ళు కాని ఆడవాళ్ళ కోసం పెట్టింది. పద్నాలుగు మంది నల్లజాతి వాళ్ళు, ఇద్దరు మెక్సికన్లు, ఒక తెలుగామె, అంటే నేను. నడిపే ఆసుపత్రి వాళ్ళు వచ్చే నెల నుంచి దీన్ని ఎత్తేసి అందరికీ ఒకే గ్రూపు చేస్తున్నారు. మా మరిది "మంచిదేగా వదినా, జబ్బుకి రంగేమిటి" అన్నాడు. ఒళ్ళు మండింది కానీ జవాబు దొరకలేదు. మీకేమైనా దొరుకుతుందా?

గోదారిగట్టు (డాలస్)

మీ మరిదికే నా ఓటు.

ఊరికే అనట్లేదు. మా ఆవిడకి రుమటాయిడ్ కీళ్ళవాతం, పదేళ్ళ నుంచి. మొదటిసారి రుమటాలజిస్ట్ అపాయింట్‌మెంట్‌కి ఐదు నెలలు ఆగాం. మా పక్కింటి తెల్లాయన కూడా అదే డాక్టర్ కోసం అన్ని నెలలూ ఆగాడు. ఈ దేశంలో కీళ్ళ డాక్టర్లు తక్కువ, ఇన్సూరెన్స్ లేకపోతే వాళ్ళ గుమ్మం కూడా ఎక్కలేం. పేదల కోసం ఉన్న మెడికెయిడ్‌ని టెక్సస్, జార్జియా రెండూ ఇంతవరకు పూర్తిగా విస్తరించలేదు. అసలు గొడవ అక్కడుంది.

1994లో లూమినా అని ఒక అధ్యయనం మొదలైంది. అలబామా, టెక్సస్, తర్వాత ప్యూర్టోరికో. నల్లజాతి, హిస్పానిక్, తెల్లజాతి లూపస్ రోగుల్ని ఏళ్ళ తరబడి గమనిస్తూ వచ్చారు. ఎవరు ముందు చనిపోతున్నారని లెక్క తీస్తే, జాతి పక్కకి పోయి పేదరికం నిలబడింది.

ఇంకో మాట. మన ఊళ్ళలో విడి బావులు, టీ కొట్లలో విడి గ్లాసులు చూసి వచ్చినవాళ్ళం. ఇంత దూరం వచ్చి మళ్ళీ మనుషుల్ని రంగు చూసి విడి గదుల్లో కూర్చోబెట్టడం నాకు మింగుడుపడదు.

వాడబిడ్డ (హైదరాబాద్)

విడి గ్లాసుల మాట ఎత్తారు కాబట్టి వస్తున్నా అన్నా.

గ్లాసు విడిగా పెట్టింది టీ కొట్టువాడు, తాగేవాడు కాదు. మా అమ్మవాళ్ళు వాడలో ఆడవాళ్ళంతా సంఘం పెట్టుకుని రాత్రిపూట బడి అరుగు మీద కూర్చునేవాళ్ళు. అదీ విడిగానే. ఊరి మీటింగులో నోరు పెగలని మాటలు అక్కడ మాట్లాడుకునేవాళ్ళు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేస్తే ఎట్లా? తలుపు బయటినుంచి గొళ్ళెం పెట్టారా, లోపలినుంచి దగ్గరకి వేసుకున్నారా, అది చూడండి ముందు.

ల్యాబ్‌కోటు (చికాగో)

లూమినా గురించి గోదారిగట్టు గారు చెప్పింది నిజమే, సగం. నల్లజాతి, టెక్సస్ హిస్పానిక్ రోగులకు జబ్బు మొదటినుంచే తీవ్రంగా ఉందని, కిడ్నీలు ఎక్కువగా దెబ్బతిన్నాయని చెప్పిందీ ఆ అధ్యయనమే. పేదరికం చంపింది, సరే. అలబామాలో ఎవరు పేదవాళ్ళయ్యారు, ఎలా అయ్యారు అన్నది కూడా ఆ వాక్యంలోనే ఉంది కదండీ.

అంకెలు చూద్దాం. శాన్‌ఫ్రాన్సిస్కో కౌంటీలో లెక్క తీస్తే లక్షమంది నల్లజాతి ఆడవాళ్ళలో సుమారు 458 మందికి లూపస్. హిస్పానిక్ ఆడవాళ్ళలో 178, ఏషియన్లలో 150, తెల్లవాళ్ళలో 110. అంటే మన గడి కూడా తెల్లవాళ్ళ కంటే పైనే ఉంది. అట్లాంటా చుట్టూ ఉన్న ఫుల్టన్, డీకాబ్ కౌంటీల రిజిస్ట్రీలో, చనిపోయిన లూపస్ రోగుల సగటు వయసు తెల్లవాళ్ళలో 64, నల్లజాతి వాళ్ళలో 52కి కాస్త తక్కువ. మంగుమచ్చ గారూ, ఇది మీ ఊరి లెక్కే. మీ గ్రూపులో వాళ్ళకి ఈ అంకెలు ఎవరూ చెప్పక్కర్లేదు, అంత్యక్రియలకి వెళ్ళి వస్తూనే ఉండి ఉంటారు.

మందుల దగ్గరికి వస్తే, 1955లో హైడ్రాక్సీక్లోరోక్విన్‌కి అనుమతి వచ్చాక లూపస్ కోసమని మళ్ళీ కొత్త మందు వచ్చింది 2011లో, బెలిముమాబ్. యాభై ఏళ్ళ పైచిలుకు ఎదురుచూపు. తీరా చూస్తే ఆ ట్రయల్స్‌లో నల్లజాతి రోగులు ఎంత తక్కువంటే, వాళ్ళ మీద మందు పనిచేసిందో లేదో తేల్చలేకపోయారు. అందుకే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, నల్లజాతి రోగుల కోసం విడిగా ఇంకో ట్రయల్ చేయమంది. అది పూర్తయ్యేసరికి ఇంకో ఏడేళ్ళు. ముఖ్యమైన కొలతలో తేడా గణాంకపరంగా నిలబడలేదు, జబ్బు బాగా ముదిరి ఉన్నవాళ్ళలో మాత్రం లాభం కనబడింది. ఈ సందేహం మొదట్లోనే తీరాల్సింది. అమెరికా లూపస్ రోగుల్లో 43 శాతం నల్లజాతి వాళ్ళయితే ట్రయల్స్‌లో చేరినవాళ్ళలో వాళ్ళు 14 శాతమే అని 2018లో ఒక పరిశీలన తేల్చింది.

కిడ్నీ లూపస్‌లో సైక్లోఫాస్ఫమైడ్ కంటే మైకోఫెనోలేట్ నల్లజాతి, హిస్పానిక్ రోగులకి మెరుగ్గా పనిచేసిందని ఒక పెద్ద ట్రయల్‌లో కనబడింది. వాళ్ళని తగినంతమందిని చేర్చుకున్నారు కాబట్టే కనబడింది.

అయితే రంగుని నెత్తికెత్తుకోవడం కూడా ప్రమాదమే. కిడ్నీ ఎంత పనిచేస్తోందో చెప్పే ఈజీఎఫ్ఆర్ లెక్కలో, రోగి నల్లజాతి అయితే ఫలితాన్ని 1.159తో గుణించేవాళ్ళు. కిడ్నీ ఉన్నదానికంటే 16 శాతం బాగున్నట్టు కాగితం మీద కనబడేది. ట్రాన్స్‌ప్లాంట్ జాబితాలో పేరెక్కడం ఆలస్యమయ్యేది. 2021లో ఆ గుణకారం తీసేశారు. 2023లో, అలా నష్టపోయినవాళ్ళ నిరీక్షణ కాలాన్ని సరిచేయమని ట్రాన్స్‌ప్లాంట్ కేంద్రాలన్నిటికీ చెప్పారు. అప్పటికి పోయినవాళ్ళు పోయారు.

నేననేది, చర్మం చూసేటప్పుడు రంగు చూడండి, ఫార్ములాలో పెట్టకండి. కిడ్నీ ముప్పు పెంచే ఏపీఓఎల్1 జన్యు మార్పు పశ్చిమ ఆఫ్రికా మూలాలున్న కొందరిలో ఉంటుంది, అందరిలో కాదు. దానికి పరీక్ష ఉండగా మొహం చూసి ఊహించడం ఎందుకు?

గోదారిగట్టు (డాలస్)

> 2021లో ఆ గుణకారం తీసేశారు

నా కేసు మీరే వాదించి పెట్టారు. ఆ గుణకారం పెట్టినవాళ్ళకి కూడా చెడు ఉద్దేశం ఉండి ఉండదు. రంగు అనే గడి ఒకసారి ఫారంలోకి వచ్చాక ఎవరి చేతిలో ఏమవుతుందో చెప్పలేం.

ట్రయల్స్‌లో వాటా కావాలి, ఒప్పుకుంటాను, అది సైన్సు. సపోర్ట్ గ్రూపు సైన్సు కాదుగా. కూర్చుని కబుర్లు చెప్పుకోవడం. కబుర్లకి విడి గది ఎందుకు?

కందిపొడి (లెస్టర్)

కబుర్లని తీసిపారేయకండి సార్. నాకు ఈ జబ్బుందని మొదట అనుమానించింది గుడి మెట్ల మీద కలిసిన ఒక గుజరాతీ ఆంటీ. వాళ్ళమ్మాయికి అదే మచ్చట.

ఇక్కడ బ్రిటన్‌లో కరేబియన్ మూలాల వాళ్ళతో పాటు మన దక్షిణాసియా వాళ్ళకీ లూపస్ ఎక్కువని 1995లోనే బర్మింగ్‌హామ్ అధ్యయనం చెప్పింది. అయినా డాక్టర్ల చదువులో ఫోటోలన్నీ తెల్లతోలువే. 2020లో లండన్ సెయింట్ జార్జ్‌లో మెడిసిన్ చదువుతున్న మలోన్ ముక్వెండే అనే కుర్రాడు, నల్లటి, చామనఛాయ చర్మం మీద ఏ జబ్బు ఎలా కనబడుతుందో చూపించే చేతిపుస్తకం తయారుచేశాడు. ఒక స్టూడెంట్ పూనుకుంటే గానీ జరగలేదు ఆ పని.

ఒక ఇబ్బందికరమైన ప్రశ్న, నాకు నేను కూడా వేసుకున్నదే. నల్లజాతి వాళ్ళ గురించి మన ఇళ్ళలో వాడే మాట ఇక్కడ రాయను, అందరికీ తెలుసు. జబ్బు వచ్చాక వాళ్ళ పక్కన కుర్చీ కావాలి మనకి. ఆ మాట మానేశామా మరి?

మోడరేటర్

రెండు వ్యాఖ్యలు తీసేశాను. ఒకటి తిట్లు. రెండోది మందులన్నీ మానేసి తిప్పతీగ కషాయంతో ఇమ్యూనిటీ పెంచుకోమని. ఉన్న ఇమ్యూనిటీ దారి తప్పి మీద పడుతోందని బాధపడుతున్నారు బాబూ వీళ్ళు.

మంగుమచ్చ (అట్లాంటా)

కందిపొడి గారూ, మానేశాం మా ఇంట్లో. ఆలస్యంగా. మొదటిరోజు ఆ గదిలోకి వెళ్ళి తలుపు పక్క కుర్చీలో కూర్చున్నాను, పర్సు ఒళ్ళో గట్టిగా పట్టుకుని. ఆ సంగతి ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

గోదారిగట్టు గారూ, కబుర్లే. ఏం కబుర్లో చెప్తాను. మాలో పెద్దావిడ ఒకరు, ముప్ఫై ఏళ్ళ లూపస్. నాతో అన్నారు: "డాక్టర్ దగ్గర నొప్పి అనకు. చెయ్యలేని పని చెప్పు." ఎందుకంటే నొప్పి అంటే నమ్మరట. నేను అతి అనుకున్నా. తర్వాత తెలిసింది, 2016లో వర్జీనియా యూనివర్సిటీలో తెల్లజాతి మెడికల్ విద్యార్థుల్ని, రెసిడెంట్లని (శిక్షణలో ఉన్న డాక్టర్లని) అడిగితే, దాదాపు సగంమంది నల్లవాళ్ళ చర్మం మందమనో ఇంకోటనో ఏదో ఒక తప్పుడు నమ్మకాన్ని ఒప్పుకున్నారని. అప్పటినుంచి నేను "చేతులు నొప్పి" అనడం మానేసి "మూడు వారాలుగా జడ వేసుకోలేకపోతున్నా, సీసా మూత తియ్యలేకపోతున్నా" అంటున్నా. ఆ మాటకి స్కాన్ రాశారు. అదే డాక్టర్, అదే నొప్పి.

2020 మార్చిలో నేను గ్రూపులో కొత్త. కోవిడ్‌కి హైడ్రాక్సీక్లోరోక్విన్ పనిచేస్తుందని ప్రచారం రాగానే షాపుల్లో మందు మాయమైంది. మన దేశం కూడా మార్చి 25న ఎగుమతి ఆపేసింది, ఏప్రిల్‌లో సడలించింది. ఆ రోజుల్లో ఏ ఊళ్ళో ఏ ఫార్మసీలో స్టాకుందో రాత్రి పదకొండింటికి మెసేజ్‌లు పెట్టింది వీళ్ళే. ఆసుపత్రి నుంచి నాకు ఒక్క ఫోన్ రాలేదు.

ట్రయల్స్ అంటారా. కిందటేడు ఒక ట్రయల్ గురించి కాగితాలు పంచారు. గదిలో ఎవరూ ముట్టుకోలేదు. టస్కీగీ ఇక్కడికి కారులో రెండు గంటలు. 1932 నుంచి 1972 దాకా, పెన్సిలిన్ వచ్చాక కూడా, సిఫిలిస్ ఉన్న నల్లజాతి మగవాళ్ళకి మందు ఇవ్వకుండా ప్రభుత్వమే చూస్తూ కూర్చున్న ఊరు. ఆ భయం తెల్లవాళ్ళ మధ్య కూర్చుని పైకి చెప్పలేరు, చెప్తే "అది పాత కథ" అని ఎవరో ఒకరు అంటారు. మా గదిలో రెండు గురువారాలు దాని గురించే మాట్లాడారు. మూడో వారం ట్రయల్ నర్సుని పిలిపించి ప్రశ్నల వర్షం కురిపించారు. ఇద్దరు చేరారు. మీకు కావాల్సిన ఆ సైన్సు ఈ కబుర్లలోంచే వచ్చింది.

పెద్ద గ్రూపు వద్దని కాదు. అక్కడికీ వెళ్తాను. మా గురువారం మాకు ఉంచమంటున్నా, అంతే. మరిదికి ఇదే ఫార్వర్డ్ చేస్తా.

ల్యాబ్‌కోటు (చికాగో)

చార్లెస్టన్‌లో మెడికల్ యూనివర్సిటీ వాళ్ళు ఇలాంటిదే పద్ధతిగా చేసి చూశారు. లూపస్‌తో బతుకుతున్న నల్లజాతి ఆడవాళ్ళకి శిక్షణ ఇచ్చి కొత్త రోగులకి తోడుగా పెట్టడం. మీ పెద్దావిడ చేస్తున్నది జీతం లేని అదే ఉద్యోగం.

ఇంకోటి, మనవాళ్ళకి పనికొచ్చేది. హైడ్రాక్సీక్లోరోక్విన్ ఏళ్ళ తరబడి వాడితే కొందరికి రెటీనా దెబ్బతింటుంది. మామూలుగా చూపు మధ్యభాగాన్నే పరీక్షిస్తారు, 10-2 అంటారు. ఏషియన్ రోగుల్లో చాలామందికి దెబ్బ మధ్యలో కాకుండా దాని చుట్టూ మొదలవుతుందని తేలడంతో, వాళ్ళకి 24-2 లేదా 30-2 లాంటి వెడల్పు పరీక్ష చేయమని అమెరికా కంటి డాక్టర్ల అకాడమీ 2016లో చెప్పింది. ఆ "ఏషియన్" గడిలో చైనావాళ్ళూ మనమూ అందరం కలిసే ఉన్నాం, అది వేరే పేచీ. అడగడంలో నష్టం లేదు. రెటీనా పొరల్ని చూపించే ఓసీటీ స్కాన్ ఎలాగూ చేస్తారు.

గోదారిగట్టు (డాలస్)

రంగు గడి మీద నా మాట మారలేదు. టస్కీగీ సంగతికి మాత్రం నా దగ్గర జవాబు లేదు.

ఆ కంటి పరీక్ష పేరు ఇంకోసారి చెప్పండి. మా ఆవిడ కూడా అదే మాత్ర వేసుకుంటుంది. రోజుకి 400 మిల్లీగ్రాములు, మొదటినుంచీ. మనిషి 54 కిలోలు. మొన్నటి చెకప్‌లో ఏదో ఒకటి చేశారు, 10-2నో ఏదో కాగితం చూడాలి.

ల్యాబ్‌కోటు (చికాగో)

24-2 లేదా 30-2. దానికంటే ముందు ఒకటి. డోసు ఒంటి బరువులో కిలోకి రోజుకి 5 మిల్లీగ్రాములు దాటకూడదని ఆ కంటి డాక్టర్ల అకాడమీ సూచన. 400ని 54తో భాగిస్తే 7.4. పదేళ్ళు అన్నారు. సోమవారం పొద్దున్నే రుమటాలజిస్ట్ ఆఫీసుకి ఫోన్ చేసి ఈ రెండు అంకెలూ చెప్పండి, కంటి డాక్టర్ అపాయింట్‌మెంట్ కూడా వెంటనే తీసుకోండి. ఈలోపు ఆవిడని మాత్ర సొంతంగా ఆపనివ్వకండి.