రిటైరయ్యాక హైదరాబాదా, రాజమండ్రా? వైద్యం, భద్రత చూసి చెప్పండి

పెన్షన్_కొత్త: నాకు 60, మా ఆవిడకు 56. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం, సీజీహెచ్ఎస్ (కేంద్ర ఉద్యోగుల వైద్య పథకం) కార్డు ఉంది. మియాపూర్‌లో నాలుగో అంతస్తు ఫ్లాటు, రాజమండ్రి దానవాయిపేటలో నాన్నగారి ఇల్లు. ఒకటే ఉంచుకోగలం. నాకు బీపీ, షుగర్. అబ్బాయి అమెరికాలో. ఏది ఉంచుకోవాలి?

మియాపూర్_మాట: హైదరాబాదేనండీ, రెండో మాట లేదు. షుగర్ ఉన్నవాళ్ళకు గుండెపోటు ఛాతీనొప్పి లేకుండా కూడా వస్తుంది. చెమటలు, ఆయాసం, పొట్టపైన మంట, అంతే. గ్యాస్ అనుకుని గంటలు పోగొడతారు. ఆసుపత్రి గడప తొక్కిన 90 నిమిషాల్లో బెలూన్ వేసి రక్తనాళం తెరవాలి. మియాపూర్ నుంచి గచ్చిబౌలి వరకు అది చేసే ఆసుపత్రులు ఎన్నో. పక్షవాతమైతే గడ్డ కరిగించే మందుకు నాలుగున్నర గంటలే గడువు, అదీ సీటీ స్కాన్ తీశాకే. గడ్డను తీగతో లాగే నిపుణులు పెద్ద నగరంలోనే ఎక్కువ. పైగా అబ్బాయి శంషాబాద్‌లో దిగి నేరుగా ఇంటికొస్తాడు.

గోదారిగట్టు: ఆ 90 నిమిషాలు గడప తొక్కాక మొదలవుతాయి. గడప దాకా ఎవరు చేరుస్తారు? సాయంత్రం ఏడింటికి మియాపూర్ నుంచి కొండాపూర్ వైపు బయల్దేరి చూడండి. రాజమండ్రిని పల్లెటూరులా మాట్లాడకండి. గుండె వైద్యం ఊళ్ళోనే ఉంది. రాజానగరంలో జీఎస్ఎల్ మెడికల్ కాలేజీ ఎప్పట్నుంచో ఉంది, 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది.

సాగరతీరం: వైజాగ్ ఎవరికీ గుర్తు రాదా? కేజీహెచ్, విమ్స్ లాంటి ప్రభుత్వాసుపత్రులు, ఆరిలోవ హెల్త్ సిటీ, అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి.

గోదారిగట్టు: ఆయన అడిగింది రెండూళ్ళ గురించి. భద్రత అంటారా, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను, 2020 మే 7న స్టైరీన్ గ్యాస్ లీకు. రెండూ మీ ఊళ్ళోనే.

సాగరతీరం: గోదావరికి వరదలు రావా మరి?

గోదారిగట్టు: వస్తాయి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. భద్రాచలంలో మట్టం పెరిగినప్పుడే ఇక్కడ సర్దుకోవడానికి టైము దొరుకుతుంది. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ కాలనీలకు ఏ హెచ్చరిక దొరికింది? రాత్రికి రాత్రే నీళ్ళొచ్చాయి.

మియాపూర్_మాట: వరద సంగతి తర్వాత. "గుండె వైద్యం ఊళ్ళోనే ఉంది" అన్నారు కదా, బోర్డు చూసి అంటున్నారా? కోస్తాలో ఓ ఊళ్ళో 24 గంటలు అని రాసుకున్న ఆసుపత్రి మా బావగారిని రాత్రి 11కి "డాక్టర్‌గారు లేరు" అని పంపేసింది.

క్యాథ్‌ల్యాబ్_టెక్: ఇద్దరూ ఊరి పేరు పట్టుకుని కొట్టుకుంటున్నారు. తేడా ఊరిలో లేదు, ఆ ఆసుపత్రి రాత్రి డ్యూటీలో ఉంది. రెండు ఊళ్ళలోనూ మీ ఇంటికి దగ్గరున్న రెండు ఆసుపత్రులకు రాత్రి రెండింటికి ఫోన్ చెయ్యండి. "క్యాథ్‌ల్యాబ్ (బెలూన్ వేసే గది) ఉందా?" అని అడగొద్దు, ఉందనే అంటారు. "ఇప్పుడు టెక్నీషియన్ లోపలే ఉన్నారా, ఇంటి నుంచి రావాలా? కార్డియాలజిస్ట్ ఎంతసేపట్లో వస్తారు?" అని అడగండి. యంత్రం కొన్నంత తేలిక కాదు, రాత్రిపూట మనుషుల్ని నిలబెట్టడం.

రెండు గంటల్లోపు యాంజియోప్లాస్టీ, అంటే ఆ బెలూన్ వైద్యం, కుదరదని తెలిస్తే, అంతదాకా ఆగకూడదు. ఈసీజీలో పెద్ద పోటని తేలగానే గడ్డ కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ ఇవ్వాలి. నొప్పి మొదలైన 12 గంటల లోపు ఇవ్వొచ్చు, మొదటి మూడు గంటల్లో ఇస్తే ఫలితం బాగా ఎక్కువ. ఆ తర్వాత 24 గంటల్లోపు పెద్ద ఆసుపత్రికి పంపి యాంజియోగ్రామ్ తియ్యాలి. అంతకుముందు మెదడులో రక్తస్రావం అయినవాళ్ళకు ఇవ్వకూడదు.

మియాపూర్_మాట: చూశారా, రాజమండ్రిలో ఇంజెక్షనే గతి అని ఆయనే ఒప్పుకున్నారు.

క్యాథ్‌ల్యాబ్_టెక్: నేనలా అనలేదు. ట్రాఫిక్‌లో చిక్కితే హైదరాబాద్‌లో కూడా అదే ఇంజెక్షన్.

గోదారిగట్టు: పెన్షన్_కొత్త గారూ, మీది నాలుగో అంతస్తు కదా. లిఫ్టు లోపల టేపు పెట్టి కొలవండి. ఆరుగురు పట్టే లిఫ్టు అంటే సాధారణంగా 110 సెంటీమీటర్ల వెడల్పు, 100 లోతు. స్ట్రెచర్ పొడవు 190 దగ్గర. దింపేదెలా?

మియాపూర్_మాట: కుర్చీలో కూర్చోబెట్టి దింపుతారండీ. రోజూ జరిగేదే.

క్యాథ్‌ల్యాబ్_టెక్: గుండెపోటు రోగిని కుర్చీలో దింపొచ్చు, నడిపించడమే తప్పు. తుంటి విరిగినవాళ్ళను కూర్చోబెట్టలేరు, మెట్ల మీద షీట్‌తో నలుగురు మొయ్యాలి. వయసు మళ్ళినవాళ్ళకు తుంటి విరగడం ఎక్కువే, బాత్రూమ్‌లో జారిపడి కూడా.

నెట్‌వర్క్_చూడండి: సీజీహెచ్ఎస్ మీద ఒక మాట. ఆసుపత్రి ఎంప్యానెల్ అయిందంటే (పథకం జాబితాలో ఉందంటే) సరిపోదు, ఏ విభాగానికి అయిందో చూడండి. కొన్ని కంటికో, పంటికో మాత్రమే ఉంటాయి. 70 దాటితే రిఫరల్ లేకుండా నేరుగా స్పెషలిస్టుకు చూపించుకోవచ్చు. కార్డు లేక ప్రైవేటు పాలసీ కొనేవాళ్ళు జోన్ నిబంధన చదవాలి. చిన్న ఊరి అడ్రసుతో తక్కువ ప్రీమియం కట్టి హైదరాబాద్‌లో చేరితే, చాలా పాలసీల్లో బిల్లులో కొంత శాతం మన జేబులోంచే.

మియాపూర్_మాట: ఐసీయూ బయట సంతకం పెట్టడానికి మనిషి కావాలి. అబ్బాయి వచ్చేలోపు ఆ మనిషి ఎవరన్నదే ప్రశ్న.

గోదారిగట్టు: అదే నేనూ అంటున్నది! దానవాయిపేటలో తలుపు కొడితే పదిమంది వస్తారు. మీరు మొదటి పోస్టు నుంచీ చెప్పేది శంషాబాద్ గురించే. ఏడాదికి రెండు వారాలొచ్చే వాళ్ళ కోసం, ఏడాదంతా ఉండేవాళ్ళు ఊరు ఎంచుకోవాలా?

మియాపూర్_మాట: పిల్లలు దూరం వెళ్ళడం మా నేరమన్నట్టు రాస్తున్నారు. ఆ పదిమంది ఎవరండీ? వాళ్ళకూ డెబ్బై దాటాయి, వాళ్ళ పిల్లలూ హైదరాబాద్‌లోనే. అర్ధరాత్రి తలుపు తీసే మోకాళ్ళు ఎన్ని మిగిలాయి మీ వీధిలో? నిజం చెప్పండి.

గోదారిగట్టు: మోకాళ్ళు లేకపోయినా పేరు పెట్టి పిలుస్తారు. ఫ్లాటులో పక్కవాడి పేరు వాచ్‌మన్‌ను అడగాలి.

లలిత_కాకినాడ: నిన్నటి నుంచి చదువుతున్నాను. గుండెపోటు ఆయనకే, ఐసీయూ ఆయనకే, ఊరూ ఆయన కోసమే. 108కి ఫోన్ చేసేది ఆవిడ. ఆవిడ గురించి ఇంతవరకు ఎవరూ ఒక్క ముక్క రాయలేదు.

ఆవిడ నాలుగేళ్ళు చిన్న. ఆడవాళ్ళ ఆయుష్షు ఎక్కువ. ఆవిడ ఒంటరిగా పది, పదిహేనేళ్ళు ఉండాల్సి రావొచ్చు. నన్నడిగితే ఆ ఏళ్ళకు ఏ ఊరు, ఏ ఇల్లు అన్నదే అసలు ప్రశ్న. పాత ఇల్లంటే పెరట్లో బాత్రూమ్, జారే గచ్చు, రాత్రి గడియ తీసి బయటికి వెళ్ళడం. ఒంటరి ఆడమనిషికి అది ప్రమాదమే. ఉంచుకుంటే బాత్రూమ్ ఇంట్లోకి తేవాలి. తలుపు బయటికి తెరుచుకోవాలి, లేకపోతే లోపల పడిన మనిషే తలుపుకు అడ్డం. గడియ బయటి నుంచి కూడా తీసేలా ఉండాలి. పట్టుకునే కడ్డీలు టైలుకు కాదు, ఇటుక గోడలోకి యాంకర్ బోల్టులతో బిగించాలి. గాలితో అంటుకునేవి మనిషి బరువు పడితే ఊడొస్తాయి.

గుండెపోటు ఒక్క రాత్రి. కిడ్నీలు పాడైతే డయాలసిస్ వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు, ఏళ్ళ తరబడి. ఎవరు తీసుకెళ్తారు, ఆటో దొరుకుతుందా, అన్నది ముందు చూడండి.

ఇక దొంగలు. ఇప్పుడు గోడ దూకేవాళ్ళే కాదు, వీడియో కాల్‌లో పోలీసు డ్రెస్సుతో వచ్చి "డిజిటల్ అరెస్టు చేశాం" అని బెదిరించేవాళ్ళూ ఉన్నారు. డిజిటల్ అరెస్టు అనేది చట్టంలో లేదు. ఫోన్ పెట్టేసి ఎవరితోనైనా మాట్లాడాలి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెయ్యాలి. ఒంటరిగా ఉన్నవాళ్ళను రెండ్రోజులు గదిలో కూర్చోబెట్టి ఖాతా ఖాళీ చేయిస్తారు. "నిన్నట్నుంచి కనపడలేదేం?" అని తలుపు కొట్టే మనిషి ఏ ఊళ్ళో ఉంటే అది భద్రమైన ఊరు. అది మియాపూరూ కావచ్చు. ఆవిడకు నడిచి వెళ్ళే దూరంలో మాట్లాడే నలుగురు ఎక్కడున్నారో ఆవిడనే అడగండి.

గోదారిగట్టు: లలితగారూ, ఆ కోణం నేను చూడలేదు. అయినా దానవాయిపేటే అంటాను. బాత్రూమ్ మాత్రం కట్టించాల్సిందే.

మియాపూర్_మాట: నా అభిప్రాయమూ మారలేదు. సంతకం పెట్టేది ఆవిడే అయితే, ఆ అయోమయంలో ఆవిడను తెలియని ఆసుపత్రికి పంపకండి. రెండు ఆసుపత్రులూ ఇప్పుడే చూపించి ఉంచండి.

పెన్షన్_కొత్త: అందరికీ కృతజ్ఞతలు. లిఫ్టు కొలిచాను, 108 వెడల్పు, 98 లోతు. ఫోన్లు ఈ రాత్రి చేస్తాను. మా ఆవిడకు చర్చంతా చదివి వినిపించాను. మియాపూర్‌లో తెలిసినవాళ్ళున్నారంది. తర్వాత, "ఈ రెండిళ్ళలో నా పేరు మీద ఏదుంది?" అని అడిగింది. ఏదీ లేదు.

లలిత_కాకినాడ: అయితే ఊరి సంగతి ఒక వారం పక్కన పెట్టండి. ఫ్లాటుకు వీలునామా రాయండి. ఇద్దరు సాక్షుల సంతకాలుండాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయించండి. బ్యాంకు ఖాతా జాయింటుగా ఉందా, పెన్షన్ ఆర్డరులో ఆవిడ పుట్టిన తేదీ సరిగ్గా పడిందా చూడండి. ఇంకొకటి, అది నాన్నగారి ఇల్లు అన్నారు. ఆయన వీలునామా రాశారా? రాయకపోతే మీ అక్కచెల్లెళ్ళకూ మీతో సమానంగా భాగం ఉంటుంది. రాజమండ్రి ఇల్లు ఉంచుకోవాలో అమ్మాలో మీరొక్కరే తేల్చేది కాదు.